తడి ఆరేదాకా

మొన్న వికారాబాద్‌లో ఒక క్లినిక్‌కు వెళ్లాను. పది రోజులుగా దగ్గు. అక్కడి ల్యాబ్ అమ్మాయి నా ముక్కులో పుల్ల తిప్పి, అంటుకున్న తేమను నాలుగు చుక్కల మందులో కలిపి, అగ్గిపెట్టె అంత చిప్ మీద వేసింది. దాన్ని టిఫిన్ డబ్బాలాంటి ఒక మిషన్‌లోకి తోసింది. పావుగంట సేపు పచ్చదీపం మినుకుమంది. తర్వాత తెర చూసి, "నెగెటివ్ సార్. ఏం లేదు. మీరు పోవచ్చు" అంది.

"వేటికి నెగెటివ్?" అని అడిగాను.

"అంటే?"

"ఈ మిషన్ వేటిని వెతికింది? వేటిని వెతకలేదు?"

ఆ అమ్మాయి చేతి తొడుగులు తీస్తూ ఆగిపోయింది. "ఎవ్వరు ఇట్ల అడగలే సార్ ఇప్పటిదాక" అంటూ మూడు వైరస్‌ల పేర్లు చెప్పింది. కరోనా, ఫ్లూ, పసిపిల్లలనూ ముసలివాళ్లనూ పట్టే మరొకటి. "దగ్గు రానీకి ఇంకా మస్తు కారణాలుంటయి. అవి ఇది చూడదు. ముక్కులకెళ్లి సరిగ్గ తియ్యకపోతే ఉన్నదాన్ని గూడ ఒక్కోసారి పట్టదు."

"మరి ఏం లేదని ఎందుకన్నావమ్మా?"

"అందరు గదే వినాల్నని వస్తరు సార్" అని నవ్వింది.

నా ప్రశ్నకు నేనే మురిసిపోతూ చీటీ తీసుకుని లేచాను. మెట్లు దిగుతుంటే గుర్తొచ్చింది, అది నా ప్రశ్న కాదు. తాండూరులో బండల పాలిష్ కార్ఖానాలో పనిచేసిన ఒక మనిషిది. ఆమె ఇప్పుడు లేదు. పేరు రాయను. రాస్తే, "ఎవలనడిగి రాసినవ్?" అని నిలదీసే మనిషి.

ఆమె పని చెబితే సగం మనిషిని చెప్పినట్టే. మిషన్ కింద పెట్టి నునుపు చేసిన బండలను గోడకు వరుసగా ఆనించి, ఒక్కోదాని మీద చెంబుడు నీళ్లు పోసి, ఎదురుగా కూర్చునేది. లోపల సన్నని పగులు ఉన్న బండ కూడా నీళ్లు పోయగానే మంచి బండలాగే నల్లగా తడుస్తుంది. అప్పుడు ఏమీ తెలియదు. ఆరేటప్పుడు తెలుస్తుంది. బండంతా ఆరిపోయినా పగులు ఉన్నచోట వెంట్రుక మందాన ఒక తడిగీత మిగిలిపోతుంది. ఆ బండను ఆమె పక్కకు తీయించేది. ఆ కార్ఖానాలో ఆమె చూసిన బండ కొన్నవాడి ఇంట్లో పగిలిందన్న మాట నేను వినలేదు.

ఈ కూర్చోవడం మున్షీకి గిట్టేది కాదు. మున్షీ అంటే సేటు తరఫున పని చేయించేవాడు. "లారీ నిలబడ్డది అక్కా, ఇంకెంతసేపు సూస్తవ్?" అని గునిసేవాడు.

"లారీకి కాళ్లు నొస్తున్నయా?" అనేది ఆమె, బండ మీద నుంచి చూపు తిప్పకుండానే.

చేతికి ఏది ఇచ్చినా ముందు వెనక్కి తిప్పి చూసేది. టీ గ్లాసు ఇస్తే అడుగు చూసేది. నేను కరపత్రం ఇస్తే ముందు దాని వెనక చూసింది, ఖాళీగా ఉంటే "ఇటు దిక్కు ఏమీ రాయలేదేంది?" అంది. పుట్టిల్లు బషీరాబాద్ అవతల, కర్ణాటకలో. ఎదుటివాడి మాట నమ్మశక్యంగా లేకపోతే ఆమె నోటి నుంచి కన్నడం వచ్చేది. "హౌదా?" అనేది. అవునా, అని. ఆ ఒక్క మాటను ఆమె సాగదీసే తీరుకు ఎలాంటి ఉపన్యాసకుడైనా తడబడేవాడు. నేను తడబడ్డాను.

నలభై ఏళ్లుగా నేను చేస్తున్న పని మీకు తెలుసు. ఊరూరా తిరిగి బాబాల మహిమల గుట్టు విప్పడం. ఒకసారి వాళ్ల బస్తీలో నిమ్మకాయలోంచి రక్తం కార్చి చూపించాను. జనం నోళ్లు తెరిచారు. "ఇది దయ్యం కాదు, రక్తమూ కాదు. కత్తికి ముందే మందు పూశాను. నిమ్మరసం తగిలి ఎర్రబడింది" అని గర్వంగా ముగించాను. ఎక్కడైనా ఆ మాటకు చప్పట్లు వస్తాయి. అక్కడ ముందు వరుసలోంచి ఒక గొంతు వచ్చింది.

"కత్తికి మందు పూసిన అంటున్నవ్. పూసంగ మేం సూసినమా?"

"లేదమ్మా, అందుకే చెబుతున్నాను కదా."

"బాబా జెప్తె నమ్మొద్దు, నువ్వు జెప్తె నమ్మాల్నా?"

జనం గొల్లుమన్నారు. నాకు కోపం వచ్చింది. నా జీవితమంతా జనానికి నేర్పాలనుకున్నది అదే మాట. నేర్చుకున్న మనిషి ఎదురైతే కోపం వచ్చింది! ఆమె లేచి ఇంట్లోంచి తన కూరగాయల కత్తి తెచ్చి నిమ్మకాయ కోసింది. రక్తం లేదు. నా కత్తిని బూడిదతో తోమి మరొకటి కోసింది. లేదు. నా సీసా అడిగి తీసుకుని, తన కత్తికి తానే మందు పూసి మూడోది కోసింది. ఎర్రగా కారింది.

"ఇగ సరే" అని కూర్చుంది. "ఇది నీ మాట కాదు, కత్తి మాట."

ఆమె ఎప్పుడూ తప్పు చేయలేదని రాయను. అలా రాస్తే ఆమెను కూడా ఒక బాబాను చేసినట్టే. కరోనా కాలంలో చేసిన తప్పు ఒకటి ఉంది, బండలు చూసి చూసి అలవాటైన కన్నే ఆ తప్పు చేస్తుంది. ఆరోగ్య కార్యకర్త వచ్చి ఆమెకు పట్టీ పరీక్ష చేసి, పావుగంట చూసి, రెండో గీత రాలేదు, కరోనా లేదని చెప్పి వెళ్లిపోయింది. ఈమె ఊరుకుంటుందా? ఆ పట్టీని ఎండలో బండ మీద పెట్టి, తడి పూర్తిగా ఆరేదాకా ఎదురుగా కూర్చుంది. ఆరాక సన్నగా, బూడిదరంగులో ఒక గీత కనబడింది. ఇంకేముంది? "ఆ పిల్ల అబద్ధం జెప్పింది, గీత ఉన్నది" అని గడపగడపకూ వెళ్లి, దూరంగా నిలబడి చెప్పింది. రెండు రోజులు ఆ బస్తీలో తలుపులు తెరుచుకోలేదు. మంచినీళ్ల బండి వస్తే బిందెలతో బయటికి వచ్చినవాళ్లు లేరు.

నాకు కబురందింది. మూతికి గుడ్డ కట్టుకుని, వాకిట్లో దూరంగా నిలబడి చెప్పాను. "ఇది బండ కాదు తల్లీ. దీనికి గడువుంది. పావుగంటకు కనిపించిందే లెక్క. ఆరిపోయాక మిగిలేది మరక, జబ్బు కాదు."

"హౌదా?"

ఆరోగ్య కార్యకర్తను పిలిపించి ఇంకో పట్టీ తీసుకుంది. ముక్కు తేమ ఏదీ కలపకుండా వట్టి మందు చుక్కలే వేసి, ఎండలో పెట్టి, మళ్లీ కూర్చుంది. ఆరాక చూస్తే అదే బూడిద గీత.

"వట్టి మందుకు గూడ వచ్చింది" అంది. మొహం చిన్నబోయింది. ఒక్క క్షణమే. కొంగు దోపుకుని బయటికి నడిచింది. మొదటి రోజు ఏ వరుసలో తిరిగిందో అదే వరుసలో ప్రతి గడప ముందు నిలబడి, "మొన్న నేను జెప్పింది తప్పు. నాకు గీత లేకుండె. సూడరాని టైముల సూసిన" అని చెప్పింది. తనతో ఏళ్ల తరబడి మాటల్లేని ఇంటి ముందు కూడా నిలబడింది. ఆ ఇంటావిడ తలుపు సందులోంచి, "గిప్పుడన్న ఒప్పుకున్నవ్, నీ నోట్ల చక్కెర పొయ్య" అని కసి తీర్చుకుంది.

"ఒకరికి చెబితే అందరికీ పాకేది కదా, ఎందుకంత తిరుగుడు?" అన్నాను.

"ఏ దర్వాజ కాడ తప్పు జెప్పిన్నో ఆ దర్వాజ కాడనే ఒప్పుకోవాలె."

దీని మీద ఒక వ్యాసం రాశాను. మంచి వ్యాసమన్నారు. రాసినవాడికి అందులోని ముక్క ఒక్కటీ ఎక్కలేదని తర్వాత తేలింది.

రెండేళ్ల కింద, చలికాలం. ఆ కార్ఖానా సేటు ఒక దగ్గు పరీక్షల శిబిరం పెట్టించాడు. కొత్తరకం మిషన్, బయోసెన్సర్ అన్నారు. చిప్ మీద అతికించిన అణువులు వైరస్‌ను పట్టుకుంటాయి, ఆ పట్టు చిన్న కరెంటు మార్పుగా తెర మీదికి వస్తుంది. పట్నం ల్యాబ్‌కు పంపి రోజుల తరబడి ఎదురుచూడనక్కరలేదు, జబ్బుమనిషి పక్కనే పావుగంటలో తేలిపోతుంది. నిజంగా గొప్ప పనిముట్టు. నాకు ఈనాటికీ దాని మీద గౌరవమే. ప్రారంభించడానికి నన్ను పిలిచారు. శాలువా కప్పారు. మైకు ఇచ్చారు.

నేను అడగాల్సిన ప్రశ్న ఒకటుంది. కూలీలకు దుమ్ము గుడ్డలు కూడా ఇవ్వని సేటు మిషన్ ఎందుకు తెప్పించాడు? ఆ నెలలో ఆడవాళ్లు చాలామంది దగ్గని పని మానుతున్నారు. మానినవాళ్లను తిరిగి రప్పించడానికి ఆయనకు ఒక కాగితం కావాలి. ఇది నాకు తర్వాత తోచింది. ఒక బాబా నాకు శాలువా కప్పి ఉంటే వెంటనే తోచేది.

ఆమె తన తోడికోడలిని చేయి పట్టుకుని తీసుకొచ్చింది. తోడికోడలిదీ అదే కార్ఖానా, బండలు కోసే రంపం దగ్గర పని. దసరా నుంచి దగ్గు, సాయంత్రమైతే జ్వరం, జాకెట్టు భుజాల మీంచి జారిపోయేంతగా చిక్కిపోయింది. పరీక్ష చేశారు. నెగెటివ్.

"ఇగ ఏం లేదన్నది గదా అక్కా" అన్నాడు మున్షీ, చీటీ మీద ముద్ర గుద్దుతూ. "రేపటిసంది రంపం కాడికి రమ్మను."

ఆమె చీటీ తీసుకుని వెనక్కి తిప్పింది. ఖాళీ. మిషన్ తెచ్చిన కంపెనీ మనిషి దగ్గరికి వెళ్లింది.

"ఇది ఏవేవి లెవ్వన్నది?"

"మూడు వైరస్‌లు అమ్మా. ఒక్కసారికే మూడూ తెలిసిపోతాయి."

"దగ్గు ఆ మూడిటితోనే వస్తదా?"

"అమ్మా, ఇది చాలా లేటెస్ట్ టెక్నాలజీ."

"దీనికి తెల్వకపోతే ఏమంటది?"

"దీనికి తెలియకపోవడమంటూ ఉండదమ్మా" అన్నాడతను.

తనకు తెలియనిది లేదన్నవాడినల్లా నలభై ఏళ్లుగా వీధిలో నిలబెట్టి నిలదీసినవాడిని నేను. ఆ మాట నా పక్కనే, రెండడుగుల దూరంలో పడింది. నాకు వినబడలేదు. నాకు కనబడింది వేరు: బారుగా నిలబడ్డ జనం, వాళ్ల ముందు మిషన్‌ను శంకిస్తున్న ఒక మనిషి. ఇలా వదిలేస్తే రేపు అందరూ తాయెత్తుల దగ్గరికి పోతారని భయపడ్డాను. మైకు అందుకున్నాను.

"అమ్మలారా, ఇది సైన్స్. మంత్రం కాదు, మాయ కాదు. దీన్ని అనుమానించకండి!"

చప్పట్లు మోగాయి. ఆమె వేదిక దగ్గరికి వచ్చింది. వాదించలేదు. నా భుజం మీది శాలువా కొస పట్టుకుని, వెనక్కి తిప్పి, లోపలి దారాలు చూసింది.

"హౌదా?" అని వెళ్లిపోయింది.

తోడికోడలు మర్నాడు రంపం దగ్గరికి వెళ్లింది. వెళ్లకపోతే పని పోతుంది. ఈమె వద్దని గొడవ పెట్టుకుంటే ఇంట్లోవాళ్లే, "నీకు అన్నిటి మీద అనుమానమే. గంత పెద్ద సారు మైకుల జెప్పిండు, ఆయనకు తెల్వదా?" అన్నారట. మూడు వారాలు గడిచాయి. ఒకరోజు దగ్గుతూ దగ్గుతూ తోడికోడలు బండ మీదికి వంగింది. పసుపుపచ్చ బండ మీద ఎర్రటి చుక్కలు పడ్డాయి. ఈసారి కత్తికి ఎవరూ మందు పూయలేదు.

ఆమె ఎవరినీ అడగలేదు. తెల్లవారి రైలెక్కించి వికారాబాద్ తీసుకొచ్చి, గుట్ట మీది ఛాతీ దవాఖానలో చూపించింది. కఫం పరీక్ష చేశారు. క్షయ అన్నారు.

అక్కడి నుంచి నేరుగా మా ఇంటికి వచ్చింది. లోపలికి రమ్మంటే రాలేదు. మంచినీళ్లిస్తే గ్లాసు అడుగు చూసి, తాగి, గుమ్మంలోనే నిలబడి సంగతంతా చెప్పింది.

"ఆ మిషన్ మోసం చేసింది" అన్నాను, ఏదో ఒకటి అనాలి కనుక.

"మిషన్ను ఏమనకు సారూ. మూడు లెవ్వన్నది, ఆ మూడు లెవ్వు. అది నిజమే జెప్పింది. అబద్ధం జెప్పింది నువ్వు."

నా మీద ఎన్నో సభల్లో ఎన్నో విమర్శలు వచ్చాయి. అన్నిటికీ జవాబిచ్చాను. దీనికి మాత్రం చేతులు జోడించాను.

"తప్పయింది తల్లీ. క్షమించు."

"నాకెందుకు జెప్తున్నవ్? నేను నిన్ను నమ్మితె గదా!" అంది. "దాని పక్కపొంటి కూసోని పనిజేసిన ఆడోళ్లు ఉన్నరు. మూడు నెలల సంది ఆ దగ్గు గాలే పీల్చిన్రు. పరీక్ష చేపిచ్చుకోండ్రి అంటె మున్షీ ఏమంటుండు? దానికి ఏం లేకుండె, సారు గూడ జెప్పిండు, మీకేం ఫికర్ అంటుండు. వాళ్లందరు నీ మాట పట్టుకోని కూసున్నరు. మైకుల జెప్పినవ్. ఇప్పుడు నా చెవుల జెప్తె దిగుతదా?"

మర్నాడే తాండూరు వెళ్లాను. సేటు మైకు ఇవ్వనన్నాడు. మధ్యాహ్నం అన్నాల వేళ ఆడవాళ్లు రేకుల కింద సద్దులు విప్పుకుంటుంటే, పేర్చిన బండల మీదికి ఎక్కాను. అవతల రంపం ఆడుతూనే ఉంది. దానికి మించి అరవాల్సి వచ్చింది. "ఆ రోజు నేను చెప్పింది తప్పు. ఆ మిషన్ మూడింటినే చూస్తుంది. క్షయను చూడదు, రాతిదుమ్ము చేసే చెరుపును చూడదు. అనుమానించకండి అన్నాను. ఆ మాట అనే హక్కు ఎవరికీ లేదు. దగ్గున్న ప్రతి ఒక్కరూ కఫం పరీక్ష చేయించుకోండి."

"సార్, ఇప్పుడివన్ని ఎందుకు, దిగుండ్రి" అని మున్షీ నా పంచె లాగుతున్నాడు. సద్ది తింటున్న ఒకావిడ తలెత్తి, "ఆనాడు శాలువ కప్పుకోని జెప్పినవ్. ఇయ్యాల శాలువ ఏది సారూ?" అంది. అందరూ నవ్వారు. నేనూ నవ్వబోయాను, నవ్వు రాలేదు. నవ్వులు ఆగాక ఒక్కొక్కరే దగ్గర్లోని సర్కారు దవాఖాన పేరు, వేళలు అడగడం మొదలుపెట్టారు. ఆ వారంలో వెళ్లినవాళ్లలో మరొకావిడకు క్షయ బయటపడింది. ముదరకముందే.

ఆ మధ్యాహ్నం బండల మీంచి దిగి ఆమె దగ్గరికి వెళ్లాను. గోడవారన తన చోట కూర్చుని ఉంది. అప్పుడే నీళ్లు పోసిన బండ నల్లగా మెరుస్తోంది.

"చెప్పాను కదా. ఇప్పుడు సరేనా?" అన్నాను. నిజం చెప్పాలంటే మెప్పు కోసం చేయి చాచాను.

ఆమె నన్ను కాళ్ల నుంచి తల దాకా చూసింది.

"గిప్పుడే గదా సారూ నీళ్లు పోసింది. తడి ఆరనీ."

తోడికోడలు ఆరు నెలల మాత్రలు పూర్తిచేసింది. ఒక్కరోజు తప్పినా ఊరుకునేది కాదట ఆమె, మాత్ర మింగాక నోరు తెరిపించి నాలుక కింద చూసేదట. ఇప్పుడు తోడికోడలు రంపం జోలికి పోవడం లేదు, బషీరాబాద్ బస్టాండ్ దగ్గర కూరగాయలు అమ్ముతోంది. పోయిన వానాకాలం ఆ దారిన వెళ్తూ పలకరిస్తే, ఆమె చనిపోయిందని చెప్పింది. పనిలోనే కూలిపోయిందట.

"గుండె ఆగిందన్నరు సారూ" అంది తోడికోడలు, కళ్లు తుడుచుకుంటూ. "ఆమె ఉంటే ఊకుంటుండెనా? ఎవలు సూసిన్రు, ఏం పెట్టి సూసిన్రు అని అడుగుతుండె."

అవును, అడిగేది. అడగడానికి ఆమె లేదు కనుక గుండె అన్న మాటే మిగిలింది.

క్లినిక్ మెట్ల మీద ఇదంతా గుర్తొచ్చి చేతిలోని చీటీ వెనక్కి తిప్పాను. ఖాళీగా ఉంది. మళ్లీ లోపలికి వెళ్లి ఆ అమ్మాయి ముందు పెట్టాను. ఆమె విసుక్కోలేదు. వెతికిన మూడింటి పేర్లు రాసి, కింద "మిగతావి చూడలేదు" అని రాసి, సంతకం చేసి ఇచ్చింది. అదే చీటీ పట్టుకుని గుట్ట మీది దవాఖానకు వెళ్లి కఫం ఇచ్చి వచ్చాను.

ఫలితం ఇంకా రాలేదు. నా మంచం వసారాలోకి మార్చుకున్నాను. కంచం, గ్లాసు వేరు చేసుకున్నాను. రెండు రోజులుగా నా భార్య సణుగుతూనే ఉంది.

"నెగెటివ్ అని ఆ పిల్ల జెప్పె, చీటిచ్చె. మల్ల గీ వేరే కంచమేంది, గీ దూరమేంది?"

"తడి ఆరనీ" అన్నాను.